హైవే మా పొలం మధ్యనుంచి పోతోంది. డబ్బు సంగతి సరే, అవతలి ముక్కకి దారీ నీళ్లూ ఎట్లా?

చెరువుకింద_పొలం అడిగారు:

అందరికీ నమస్కారం. ఊరి పేరు, రోడ్డు నంబరు రాయట్లేదు. రేపు ఈ వ్యవహారం ఎక్కడిదాకా పోతుందో తెలీదు, అందుకని. ఆంధ్రాలోనే, మెట్టా మాగాణీ కలిసిన మండలం.

మాకు ఒకే బిట్టుగా 4 ఎకరాల 20 సెంట్లు ఉంది. కొత్తగా వేసే గ్రీన్‌ఫీల్డ్ హైవే దాన్ని ఐమూలగా కోసుకుంటూ పోతోంది. రోడ్డు కింద 1 ఎకరం 60 సెంట్లు పోతుంది. ఊరివైపు 90 సెంట్లు, అవతల 1 ఎకరం 70 సెంట్లు మిగులుతాయి. బోరూ మోటారూ ఊరివైపు ముక్కలో ఉన్నాయి. అవతలి ముక్కకి ఇప్పుడు భూమిలో పాతిన పైపుతోనే నీళ్లు పారిస్తున్నాం. రోడ్డు పన్నెండు పదమూడు అడుగుల ఎత్తు కట్ట మీద వస్తుందంట, రెండుపక్కలా కంచె కూడా వేస్తారంట. మా నాన్న పరిహారం ఎంతిస్తారని ఒక్కసారి కూడా అడగలేదు. "అవతలికి గేదెల్ని ఎట్లా తోలాలిరా?" అని మాత్రం రోజూ అడుగుతున్నాడు.

పోయిన వారం పేపర్లో ప్రకటన వచ్చింది, సర్వే నంబర్లతో సహా. దానికి ముందు పంచాయతీ ఆఫీసు దగ్గర మీటింగ్ పెట్టారు. వచ్చినాయన లాప్‌టాప్‌లో ఒక ఎర్రగీత చూపించి "ఇదే ఫైనల్" అన్నాడు. అండర్‌పాస్ ఎక్కడ వస్తుందంటే డిజైన్‌లో చూస్తాం అన్నాడు. ఇప్పుడేమో సర్వేకి వచ్చినవాళ్లు ఒక ఫారం ఇచ్చి సంతకాలు పెట్టమంటున్నారు. అందులో సగం గళ్లు ఖాళీగా ఉన్నాయి. తర్వాత మేం నింపుకుంటాం, మీకెందుకు అంటున్నారు.

ఊరు కూడా ఒక్క మాట మీద లేదు. మొత్తం పొలం పోయేవాళ్లు, ముఖ్యంగా పిల్లలు హైదరాబాద్‌లో సెటిలైన వాళ్లు, డబ్బొస్తే చాలు త్వరగా కానివ్వండి అంటున్నారు. రోడ్డు తగలని వాళ్లు మన పొలాల రేటు పెరుగుతుందిలే అని లోలోపల సంతోషిస్తున్నారు. నడిమికి చీలిపోయేది మాలాంటి పాతిక ముప్పై కుటుంబాలకే. మా మాట వినేవాడు లేడు.

నా ప్రశ్నలు ఇవి. ఆ ఫారం మీద సంతకం పెట్టాలా వద్దా? డబ్బు తీసుకుంటే ఇక కోర్టుకి వెళ్లే హక్కు పోతుందంటున్నారు, నిజమేనా? దారీ నీళ్లూ ఎవరిని అడగాలి? ఇంకో మాట, మా పొలం చాన్నాళ్లుగా కౌలుకి చేస్తున్న మనిషి ఉన్నాడు, అతనికి ఏమన్నా వస్తుందా?

---

పాత_డీటీ:

బాబూ, నేను రెవెన్యూలో డిప్యూటీ తహసీల్దారుగా (డీటీ) పనిచేసి రిటైరయ్యాను. చివరి కొన్నేళ్లు భూసేకరణ సెక్షన్‌లోనే ఉన్నాను. అవతలి బల్ల దగ్గర కూర్చుని చూసినవాణ్ణి కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను, ఓపిగ్గా చదువు.

ముందు ఏ చట్టం కింద తీసుకుంటున్నారో తెలుసుకో. అందరూ "2013 భూసేకరణ చట్టం, గ్రామసభ ఒప్పుకోవాలి, 70 శాతం అంగీకారం" అంటుంటారు. ఆ 70 శాతం ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యంలో 2013 చట్టం కింద చేసే సేకరణకి, ప్రైవేటు కంపెనీకైతే 80. జాతీయ రహదారికి భూమి తీసుకునేది 1956 నాటి నేషనల్ హైవేస్ చట్టం కింద. దానికి మీ ఒప్పుకోలుతో పనిలేదు, సామాజిక ప్రభావ అంచనా కూడా ఉండదు. మీ పంచాయతీ ఆఫీసు దగ్గర పెట్టిన మీటింగు మర్యాద కోసం పెట్టిందే, చట్టప్రకారం దానికి విలువ లేదు. అయితే పరిహారం లెక్క మాత్రం 2013 చట్టం ప్రకారమే ఇవ్వాలి. 2015 ఆగస్టులో కేంద్రం ఇచ్చిన ఉత్తర్వు ఆ లెక్కనీ పునరావాసాన్నీ హైవే చట్టంతో సహా 13 చట్టాలకి వర్తింపజేసింది.

పేపర్లో వచ్చింది 3ఏ నోటిఫికేషన్ సారాంశం అయ్యుంటుంది, అంటే ఫలానా భూమి తీసుకోబోతున్నామని హైవే చట్టం 3ఏ సెక్షన్ కింద ఇచ్చే ప్రకటన. దీనిమీద 3సి కింద అభ్యంతరం పెట్టడానికి 21 రోజులే గడువు. 2013 చట్టంలో 60 రోజులుంటాయి, ఆ లెక్కలో ఉండి చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. అభ్యంతరం రాతపూర్వకంగా భూసేకరణ అధికారికి ఇవ్వాలి. నిన్ను గానీ నీ వకీలుని గానీ పిలిచి వినాలి, విని ఉత్తర్వు ఇవ్వాలి. నిజం చెప్పాలంటే ఆ ఉత్తర్వుల్లో నూటికి తొంభై పాళ్లు "తిరస్కరించడమైనది" అనే ఉంటాయి. అయినా పెట్టు. రేపు ఆర్బిట్రేటర్ (పరిహారం తగాదా తేల్చే మధ్యవర్తి) ముందుకెళ్లినా హైకోర్టుకెళ్లినా, మొదటి రోజు నుంచీ దారి కోసం అడుగుతూనే ఉన్నానని చూపించే కాగితం అదొక్కటే.

ఆ తర్వాత భూమి తీసుకుంటున్నామనే 3డి ప్రకటన వస్తుంది. అది గెజిట్‌లో పడ్డ రోజే భూమి కాగితం మీద కేంద్ర ప్రభుత్వానిదైపోతుంది, నీ చేతికి రూపాయి రాకపోయినా సరే. 3ఏ వచ్చిన ఏడాదిలోపు 3డి ఇవ్వకపోతే మొదటిది చెల్లదు, కోర్టు స్టే ఉన్న కాలం మినహాయించి. ఆ తేదీలు రాసిపెట్టుకో. స్వాధీనం తీసుకునేముందు పరిహారం డిపాజిట్ చేయాలి, 60 రోజుల నోటీసివ్వాలి. రేపే జేసీబీ వస్తుందని ఎవరన్నా బెదిరిస్తే ఈ రెండూ అయ్యాయా అని అడుగు.

ఇక ఆ ఫారం, అదే పంచనామా. ఖాళీ గళ్లున్న కాగితం మీద సంతకం పెట్టొద్దు. పెట్టనని మొండికేసి వెళ్లిపోవద్దు కూడా, అప్పుడు "రైతు హాజరు కాలేదు" అని రాసుకుని నీ పొలంలో నాలుగు చెట్లున్నాయని తేల్చేస్తారు. దగ్గరుండి గళ్లన్నీ నింపించు. బోరు ఎంత లోతు, కేసింగ్ ఎంత, పైపులైను ఎన్ని మీటర్లు, మోటారు షెడ్డు, కరెంటు సర్వీసు నంబరు, చెట్లు ఏ జాతివి, ఎన్నేళ్లవి, అన్నీ రాయించు. అప్పుడు సంతకం పెట్టి ఫొటో తీసుకో. కట్టడాల విలువ ఆర్ అండ్ బీ వాళ్లు, పండ్ల చెట్లది ఉద్యానశాఖ, కలపది అటవీశాఖ, బోర్లూ పైపులది గ్రామీణ నీటి సరఫరా వాళ్లు కడతారు. వాళ్లలో చాలామంది పొలానికి రారు, పంచనామాలో ఉన్నదాన్ని బట్టే లెక్క వేస్తారు. ఆ కాగితంలో లేని మామిడిచెట్టు లేనట్టే.

లెక్క ఎట్లా వేస్తారంటే, 3ఏ తేదీ నాటి మార్కెట్ విలువ తీసుకుంటారు. రిజిస్ట్రేషన్ శాఖ పుస్తకంలో ఉన్న విలువ ఒకటి, చుట్టుపక్కల గత మూడేళ్ల అమ్మకాల దస్తావేజుల్లో ఎక్కువ ధర ఉన్న సగాన్ని తీసుకుని కట్టిన సగటు ఇంకొకటి. రెండిట్లో ఏది ఎక్కువైతే అది. దాన్ని పల్లెల్లో 1 నుంచి 2 మధ్య రాష్ట్రం నిర్ణయించిన గుణకంతో హెచ్చిస్తారు. చెట్లూ బోర్ల విలువ కలుపుతారు. ఆ మొత్తం మీద నూటికి నూరు సొలేషియం, అంటే బలవంతంగా తీసుకుంటున్నందుకు ఇచ్చే అదనపు సొమ్ము. మాటవరసకి ఎకరం 20 లక్షలు, గుణకం 1.25 అనుకో, 25 లక్షలవుతుంది. చెట్లూ బోరూ 3 లక్షలైతే మొత్తం 28, సొలేషియంతో 56. ఇది కాక మార్కెట్ విలువ మీద అవార్డు (పరిహారం నిర్ణయిస్తూ ఇచ్చే ఉత్తర్వు) తేదీ దాకా ఏడాదికి 12 శాతం. చూశావా, చెట్లకి రాయించిన ప్రతి రూపాయీ రెండవుతుంది.

దస్తావేజుల దగ్గర ఒక చేదు నిజం ఉంది. స్టాంపు ఖర్చు తగ్గుతుందని ఊరంతా ప్రభుత్వ విలువకే రాయించుకుంటారు, మిగతాది చేతిలో పెడతారు. సేకరణ వచ్చినప్పుడు ఆ తక్కువ ధరే మెడకి చుట్టుకుంటుంది. నలభై లక్షలకి కొన్నానయ్యా అంటే కాగితం చూపించమంటారు. అందుకని సబ్ రిజిస్ట్రారు ఆఫీసుకెళ్లి మీ ఊరివీ చుట్టుపక్కల ఊళ్లవీ మూడేళ్ల ఈసీలు (ఏ భూమి ఎప్పుడు చేతులు మారిందో చూపే కాగితాలు) తీయించండి. బ్యాంకు లోను కోసమో, ఎన్నారై కొన్నాడనో అసలు ధరకి రాయించిన దస్తావేజులు ఎక్కడో కొన్ని ఉంటాయి. వాటి సర్టిఫైడ్ నకళ్లు సంపాదించండి. ఈ పని పాతిక కుటుంబాలూ కలిసి చేసుకుంటే ఖర్చు కూడా తక్కువే.

డబ్బు తీసుకుంటే హక్కు పోతుందన్నది ఉత్తమాట. "అభ్యంతరంతో స్వీకరిస్తున్నాను" అని రాసి తీసుకో. తర్వాత 3జి(5) కింద ఆర్బిట్రేటర్ దగ్గరికి వెళ్లు. ఆయన సాధారణంగా జిల్లా కలెక్టరే అయ్యుంటాడు, ఇదేం చోద్యమని అడగొద్దు, చట్టం కేంద్రానికి ఇచ్చిన వీలు అది. ఆయన పెంచితే పెరిగిన మొత్తం మీద స్వాధీనం నాటినుంచి 9 శాతం వడ్డీ. ఆ పైన జిల్లా కోర్టుకి మూడు నెలల్లో వెళ్లొచ్చు. కానీ ఆ కోర్టుకి అంకె మార్చే అధికారం లేదని 2021లో సుప్రీంకోర్టు అంది. 2025లో రాజ్యాంగ ధర్మాసనం కొన్ని పరిమిత సందర్భాల్లో మార్చొచ్చని సడలించింది గానీ దాన్ని నమ్ముకుని కూర్చోకు. సాక్ష్యమంతా ఆర్బిట్రేటర్ ముందే పెట్టాలి.

ఇప్పుడు నీ అసలు ప్రశ్న, చీలిన పొలం. 3జి(7)లో ఇది స్పష్టంగా ఉంది. భూమి విలువ కాక, ముక్కని విడదీసినందువల్ల మిగిలిన భూమికి కలిగే నష్టం, మిగతా ఆస్తికీ సంపాదనకీ కలిగే నష్టం వేరువేరుగా లెక్కకట్టాలి. నేను చూసిన అవార్డుల్లో ఆ గడిలో చాలా వరకు సున్నా ఉండేది. అధికారి దుర్మార్గుడై కాదు, ఎవరూ క్లెయిమ్ పెట్టరు. పరిహారం నిర్ణయించేముందు క్లెయిములు పిలుస్తూ పేపర్లో ఇంకో ప్రకటన వస్తుంది. అప్పుడు రాయి: అవతలి 1 ఎకరం 70 సెంట్లకి నీటి వసతి పోతోంది, కొత్త బోరుకి ఇంత, కరెంటు సర్వీసుకి ఇంత, చుట్టూ తిరిగి వెళ్లడానికి ఇంత దూరం. అంకెలు వేసి రాయి. "నాకు చాలా నష్టం" అని రాస్తే ఆ గడిలో మళ్లీ సున్నాయే.

---

రెండోసారి_పోయింది:

డీటీ గారు చెప్పినదాంట్లో ఒక్క అక్షరం తీసేయడానికి లేదు. మాది పాత హైవే వెడల్పు చేసినప్పుడు కొంత పోయింది, ఇప్పుడు బైపాస్‌లో మళ్లీ పోయింది. పేరు చూస్తేనే తెలుస్తుంది కదా.

నేను చెప్పేది దారి గురించి. మీ ఊరి ఎఫ్ఎంబీ (పొలాల కొలతల పటం) నకలు తీసుకోండి తమ్ముడూ, గ్రామపటం కూడా. అందులో డొంకలు, బండిబాటలు పుంతల కింద గీసి ఉంటాయి. ఇప్పుడు ముళ్లకంపలు పెరిగి కనిపించకపోయినా పటంలో ఉంటే అది ప్రభుత్వ దారి. రోడ్డు దాన్ని ఎక్కడ దాటుతుందో గుర్తుపెట్టండి. "నాకు అండర్‌పాస్ కావాలి" అంటే వ్యక్తిగత కోరిక అంటారు. "పటంలో ఉన్న డొంకని మూసేస్తున్నారు" అంటే జవాబు చెప్పాల్సి వస్తుంది. మా దగ్గర అండర్‌పాస్ వచ్చింది అట్లాగే.

వచ్చింది గానీ వరికోత మిషను పట్టదు. ట్రాక్టరు వెళ్తుంది, మిషను వెళ్లదు. కోతలప్పుడు మిషను ఊరంతా తిరిగి ఇంటర్‌ఛేంజ్ (హైవే ఎక్కే, దిగే చోటు) మీదుగా రావాలి, ఆ తిరుగుడుకి గంట లెక్కన బాడుగ మాదే. పైగా అండర్‌పాస్ నేలమట్టం కంటే కిందికి తవ్వారు, వానాకాలం మోకాటి లోతు నీళ్లు. కాబట్టి ఎత్తెంతో, నీళ్లు ఎటు పోతాయో అర్జీలోనే రాయండి.

రోడ్డు పక్కన రేటు పెరుగుతుందని మురిసిపోయేవాళ్లకి కూడా ఒక మాట చెప్పండి. గ్రీన్‌ఫీల్డ్ రోడ్లలో ఎక్కువ భాగం యాక్సెస్ కంట్రోల్డ్. కంచె ఉంటుంది, మీ గేటు రోడ్డు మీదికి తెరవనివ్వరు. ఇంటర్‌ఛేంజ్ దగ్గర పొలాలకి పెరుగుతుంది. మిగతావాళ్లకి దుమ్మూ హారన్లూ.

ఇంకొకటి, మురుగు. కట్ట వేస్తే వాలు మీదినుంచి వచ్చే వాన నీళ్లు ఆగిపోతాయి. పైవైపు పొలం మునుగుతుంది, కింది చెరువుకి నీళ్లు రావు. మీ పేరే చెరువుకింద పొలం, మీకు నేను చెప్పాలా! తూములు ఎక్కడెక్కడ కావాలో మీ పెద్దవాళ్లని వెంటబెట్టుకెళ్లి చూపించండి. సర్వేకి వచ్చినవాళ్లు ఎండాకాలం వస్తారు, వాళ్లకి వాగు కనపడదు.

---

చెరువుకింద_పొలం:

ఇంత ఓపిగ్గా రాసినందుకు ఇద్దరికీ దండాలు. ఫారం మీద సంతకం ఆపేశాం, నింపి తెమ్మన్నాం. కొంచెం గొణిగి వెళ్లిపోయారు.

ఇప్పుడు ఇంకో చిక్కు బయటపడింది. ప్రకటనలో మా సర్వే నంబరు ఉంది గానీ పట్టాదారుగా మా తాత పేరే ఉంది. తాత పోయి చాన్నాళ్లయింది. నాన్న, ఇద్దరు మేనత్తలు. వాళ్లతో గొడవలేం లేవు గానీ కాగితం మీద పంపకాలు జరగలేదు. మా పక్కన ఎస్సీ కాలనీ వాళ్లవి డీ పట్టా భూములు (ప్రభుత్వం పేదలకి ఇచ్చిన అసైన్డ్ భూములు), వాళ్లకి "మీది ప్రభుత్వ భూమే, పరిహారం రాదు" అని ఎవరో చెప్పారంట. వాళ్లు బాగా భయపడి ఉన్నారు. కౌలు మనిషి సంగతి కూడా ఎవరన్నా చెప్పండి.

కుర్రాళ్లు కొంతమంది అసలు రోడ్డునే ఆపేద్దాం, ధర్నా చేద్దాం, కేసేద్దాం అంటున్నారు. అయ్యేపనేనా?

---

నల్లకోటు:

నేను జిల్లా కోర్టులో ప్రాక్టీసు చేస్తాను, భూసేకరణ కేసులు ఎక్కువ. ఒక్కొక్కటీ చెప్తాను.

తాతగారి పేరు సంగతి వెంటనే చూసుకోండి. వాటాల మీద ఏ కొంచెం తగాదా ఉన్నా అధికారి డబ్బు మీకివ్వకుండా సివిల్ కోర్టుకి పంపేస్తాడు, చట్టం ఆ వీలిచ్చింది. అక్కడ పడితే తీయడం నాలాంటివాళ్లకి పని, మీకు ఏళ్లు. గొడవలు లేవంటున్నారు కాబట్టి మేనత్తలతో మాట్లాడి పంపకాలో హక్కు విడుదలో ఏదో ఒకటి రిజిస్టరు చేయించుకోండి. వాళ్లకి రావాల్సింది వాళ్లకివ్వండి. కోట్ల రూపాయల మాటలు వినపడేసరికి గొడవలు లేని ఇళ్లలో గొడవలు పుట్టడం నేను రోజూ చూస్తున్నాను.

డీ పట్టాల వాళ్లకి చెప్పండి, భయం వద్దు. చేవెళ్ల డివిజన్ నుంచి వచ్చిన కేసులో 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం తేల్చేసింది. అసైన్డ్ భూమిని ప్రజావసరానికి తీసుకుంటే పట్టా భూమి యజమానితో సమానంగా పరిహారం ఇవ్వాలి. పరిహారం రాదని చెప్పినవాణ్ణి ఆ మాట కాగితం మీద రాసి ఇమ్మనండి. ఇవ్వడు. అయితే డీ పట్టా అసలువాళ్ల చేతిలోనే ఉందా, మధ్యలో ఎవరికన్నా అమ్మారా అన్నది చూసుకోవాలి. 1977 చట్టం ప్రకారం ఆ అమ్మకాలు సాధారణంగా చెల్లవు. కొన్నవాడు ఇప్పుడు మధ్యవర్తిలా వచ్చి సగం నాకు అంటాడు, జాగ్రత్త.

కౌలుదారు. 2013 చట్టంలో బాధిత కుటుంబం అంటే భూమి ఉన్నవాళ్లు ఒక్కరే కాదు. భూమి లేకపోయినా, సేకరణకి ముందు మూడేళ్లుగా ఆ ప్రాంతంలో ఉంటూ ఆ భూమి మీదే ప్రధానంగా బతికే కౌలుదారులు, వ్యవసాయ కూలీలు కూడా అందులోకి వస్తారు. రెండో షెడ్యూలులో 5 లక్షలు ఒకేసారి, లేదా ఉద్యోగం, లేదా నెలకి కనీసం 2,000 చొప్పున 20 ఏళ్లు అనే అవకాశాలున్నాయి. పైన చెప్పిన 2015 ఉత్తర్వు పునరావాసాన్ని కూడా హైవేలకి వర్తింపజేసింది. కాగితం మీద ఇంత ఉన్నా రోడ్ల విషయంలో కౌలుదారు పేరు జాబితాలోకి ఎక్కడం అరుదు. ఎందుకంటే అతను కౌలుదారని చూపే కాగితం ఉండదు. మన రాష్ట్రంలో 2019 చట్టం కింద సీసీఆర్‌సీ కార్డు (కౌలుదారుకి ఇచ్చే పంట సాగుదారు హక్కు పత్రం) ఇస్తారు, దానికి యజమాని సంతకం కావాలి. భూమి మీద హక్కు వస్తుందేమోనని యజమానులు పెట్టరు. ఆ కార్డుతో భూమి మీద ఏ హక్కూ రాదు, గడువే 11 నెలలు. మీ నాన్నగారు పెట్టారా? పెట్టకపోతే ఈ సీజనుకైనా పెట్టించండి. పంచనామాలో సాగుదారు గడిలో అతని పేరు రాయించండి. ఎరువుల బిల్లులు, ధాన్యం అమ్మిన రసీదులు అతని పేరున ఉంటే దాచమనండి. అతని కోసం ఆ ఊళ్లో అడగగలిగింది మీరొక్కరే.

రోడ్డు ఆపడం. నిజాయితీగా చెప్తున్నా, ఫీజు వస్తుంది కదా అని ఆశ పెట్టను. చెన్నై, సేలం ఎనిమిది వరసల రోడ్డు చూడండి. 277 కిలోమీటర్లు, రైతులు గట్టిగా నిలబడ్డారు. 2019 ఏప్రిల్‌లో మద్రాసు హైకోర్టు నోటిఫికేషన్లు కొట్టేసింది. 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పుని చాలావరకు తిప్పేసింది, 3ఏ నోటిఫికేషన్‌కి ముందే పర్యావరణ అనుమతి ఉండాల్సిన పనిలేదంది. మన సోంపేటలో బీల భూముల్లో థర్మల్ ప్లాంటు ఆగింది కదా అంటారు. ఆగింది. 2010 జూలై 14న కాల్పుల్లో ప్రాణాలు పోయాయి, అదే రోజు జాతీయ పర్యావరణ అప్పీలు అథారిటీ ఆ ప్లాంటు అనుమతిని రద్దు చేసింది. అక్కడ చిత్తడి నేల ఉంది, ఒకే చోట ఒకే ప్లాంటు ఉంది, ఊళ్లన్నీ ఒక్కటయ్యాయి. మీ ఊళ్లో సగం మంది రోడ్డు కోసం ఎదురు చూస్తున్నారని మీరే రాశారు.

కానీ అక్కడొక కిటికీ ఉంది. కొత్త జాతీయ రహదారికి 2006 పర్యావరణ ప్రభావ నోటిఫికేషన్ కింద ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి. కాలుష్య నియంత్రణ మండలి నిర్వహిస్తుంది, 30 రోజుల ముందు ప్రకటన ఇవ్వాలి, మాట్లాడినవన్నీ మినిట్స్‌లోకి ఎక్కాలి. మీ జిల్లాలో అయిపోయిందో లేదో కనుక్కోండి. కాకపోతే కుర్రాళ్ల ఆవేశమంతా అక్కడికి తీసుకురండి, తూములు, చెరువు, డొంకలు, కాలనీ దారి అన్నీ రాతపూర్వకంగా ఇవ్వండి. అయిపోయి ఉంటే ఆ మినిట్స్ తెప్పించుకుని మీ ఊరి గురించి ఏం రాశారో చూడండి.

హైకోర్టులో రిట్ వేసేది గడువులు తప్పినప్పుడు, అభ్యంతరం వినకుండా 3డి ఇచ్చినప్పుడు. 2024 మేలో కోల్‌కతా కార్పొరేషన్ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగంలోని 300ఏ అధికరణం గురించి చెప్పింది ఇదే: నోటీసు, వినడం, కారణాలతో ఉత్తర్వు, ప్రజా ప్రయోజనం, న్యాయమైన పరిహారం లాంటివన్నీ ఆస్తి హక్కులో భాగాలే, ఒక్కటి లేకపోయినా సేకరణ నిలవదు. అందుకే డీటీ గారు చెప్పినట్టు 21 రోజుల్లో అభ్యంతరం పడాలి. పెట్టనివాడు నన్ను వినలేదని ఎట్లా అంటాడు?

---

సైట్‌లో_ఉన్నా:

నేను రోడ్ల డిజైన్ కన్సల్టెన్సీలో పనిచేస్తాను, తిట్లకి సిద్ధపడే రాస్తున్నాను.

గీత జరపమని అందరూ అడుగుతారు. వంద కిలోమీటర్ల పైన వేగానికి వేసే రోడ్డులో ఒకచోట యాభై మీటర్లు జరపాలంటే మలుపు సరిచేయడానికి ముందూ వెనకా చాలా దూరం కదలాలి. మీ పొలం తప్పుతుంది, ఇంకెవరిదో చీలుతుంది. డీపీఆర్ (ప్రాజెక్టు పూర్తి నివేదిక) ఆమోదం అయ్యాక అది దాదాపు అసాధ్యం. పక్క ఊళ్లో పెద్దమనిషి తోట కోసం జరిపారు కదా అంటారా? అట్లాంటివి జరగవని నేననను.

అండర్‌పాస్, తూము, పైపు దారి మాత్రం జరగని పనులు కావు. టెండరు పిలవకముందైతే స్ట్రక్చర్ల జాబితాలో చేర్చడం తేలిక. టెండరు అయ్యాక "చేంజ్ ఆఫ్ స్కోప్" (కాంట్రాక్టులో పని మార్పు) కింద వెళ్లాలి, డబ్బెవరు పెట్టాలన్న దగ్గర ఫైలు ఆగుతుంది. కాబట్టి అర్జీ ఒకటి భూసేకరణ అధికారికి, ఇంకొకటి హైవే వాళ్ల ప్రాజెక్టు డైరెక్టరు ఆఫీసుకి ఇవ్వండి. రెవెన్యూ వాళ్లకి డిజైన్ మార్చే అధికారం లేదు, వాళ్ల దగ్గరే తిరుగుతుంటే నెలలు పోతాయి.

అర్జీలో సర్వే నంబరు మాత్రమే రాస్తే మా వాళ్లకి అర్థం కాదు, మేం చైనేజీతో, అంటే రోడ్డు మొదలు నుంచి కొలిచిన దూరంతో మాట్లాడతాం. సర్వే రాళ్ల మీద కిలోమీటరు, మీటర్ల అంకెలు ఉంటాయి. మీ డొంక దాటే చోటు ఏ రెండు రాళ్ల మధ్య ఉందో రాయండి. సర్వే నంబరు, చైనేజీ, ఎఫ్ఎంబీ నకలు, ఆ దారి వాడే కుటుంబాల సంతకాలు కలిపి ఇస్తే పక్కన పడేయడం కష్టం. దగ్గర్లో ఇప్పటికే స్ట్రక్చర్ ఉంటే ఇంకోటి ఇవ్వరు. అప్పుడు కట్ట పక్కనే దానిదాకా సర్వీసు రోడ్డో మట్టిబాటో అడగండి. అది ఇవ్వడం మాకూ సులువు, ఖర్చు తక్కువ.

---

చెరువుకింద_పొలం:

సైట్‌లో ఉన్నా గారూ, తిట్టేదేం లేదండి, పనికొచ్చే మాట చెప్పారు. రాళ్ల మీద అంకెలు నిన్న సాయంత్రమే ఫొటోలు తీశాం. మా డొంక పటంలో ఉంది, ఎర్రగీతని సరిగ్గా కాలనీ శ్మశానం దారి దగ్గర దాటుతోంది. ఇప్పుడు కాలనీ వాళ్లు కూడా మాతో కలిశారు, సంతకాలు సేకరిస్తున్నాం. కౌలు కార్డు సంగతి నాన్నతో మాట్లాడుతున్నాను. మేనత్తలు వచ్చే ఆదివారం వస్తున్నారు.

చివరిగా ఒక చిన్న సందేహం. అవతలి ముక్కకి నీళ్ల పైపు కట్ట కిందినుంచి వేసుకోనివ్వమని అడగొచ్చా? ఎట్లా అడగాలి?

---

పాత_డీటీ:

అడగొచ్చు, మట్టి పోయకముందే అడగాలి. కట్ట లేచాక కిందినుంచి పైపు తీయాలంటే హైవే వాళ్ల అనుమతి, ఫీజు, డిపాజిట్, అదో పెద్ద తతంగం. ఇప్పుడైతే ఫలానా చైనేజీ దగ్గర అడ్డంగా హ్యూమ్ పైపు (సిమెంటు గొట్టం) ఒకటి పాతి వదలండి, అందులోంచి మా పైపు మేం వేసుకుంటాం అని రాయి. ఒక్క మోటారు పైపుకి సరిపోయేది కాదు, పెద్దది అడుగు. మీ వరసలో బోరు ఇటూ పొలం అటూ ఉన్నవాళ్లు ఇంకెంతమందో చూసి అందరి పేర్లూ కలిపి రాయండి. కరెంటు వైరుకి వేరే పైపు కావాలని కూడా రాయి, రేపు అవతల బోరు వేసుకుంటే పనికొస్తుంది. అర్జీ రెండు కాపీలు తీసుకెళ్లి, ఒకదానిమీద తపాలా సెక్షన్‌లో ముద్ర, తేదీ, నంబరు వేయించుకుని తెచ్చుకో. శనివారం వెళ్లకు, తపాలా గుమస్తా ఉండడు.